గడియ వేసిన చెయ్యి

సత్యశ్రీ డైరీలో ఆ పిల్లకి పేరు లేదు. "22-7బి" అని మాత్రమే ఉంది.

కిందటి వారం మనం సత్యశ్రీని బడిలో మెట్లకింద చిన్న గదిలో, నాలుగో తరగతి అమ్ము ఎదుట మోకాళ్ల మీద కూచుని ఉండగా విడిచిపెట్టాం. స్కూల్ సైకాలజీలో పీజీ చదువుతున్న సత్యశ్రీకి ఇది ఆఖరి సంవత్సరం. ఆర్నెల్లు ఏదైనా బడిలో పిల్లల మధ్య పనిచేసి చూపిస్తేగాని పట్టా చేతికి రాదు. తొమ్మిదేళ్ల అమ్ము ఆటల పీరియడ్‌కి రానని మొండికేస్తోందని టీచరు ఆమె దగ్గరికి పంపింది, అంతకు ముందు అలా రానన్న తారీకులు కూడా చెప్పింది. మూడు రోజులు బొమ్మలు వేయించాక, నాలుగో రోజు ఆ పిల్ల తనంతట తనే వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తింది. మడతపెట్టిన కరెంటు వైరుతో కొట్టిన వాతలు. కొన్ని ఎండిపోయినవి, కొన్ని పచ్చివి.

"ఎవరికీ చెప్పొద్దు దీదీ."

"చెప్పనమ్మా. ప్రామిస్."

ఇవ్వకూడని మాట అది. పిల్ల ఒంటికి హాని జరుగుతోందని తెలిసినప్పుడు దాచిపెడతానని మాటివ్వకూడదని, ఆమెకి పని నేర్పుతున్న క్యాథరిన్ మేడం మొదటి వారంలోనే చెప్పింది. అయితే ఆ వీపు కళ్లబడ్డాక పాఠాలు గుర్తుంటాయా?

"ఇంట్లో కోపం ఎవరికెక్కువ?" అని అడిగింది.

"పాపాకి," అంది అమ్ము.

సత్యశ్రీ అక్కడితో ఆగిపోయింది. తండ్రి కొడుతున్నాడు, అంతే. అమ్ము వేసిన బొమ్మ కూడా అదే చెబుతున్నట్టు కనిపించింది. కిటికీలు మూసేసిన క్వార్టరు, లోపల గోడవైపు తిరిగి చెవులు మూసుకున్న పిల్ల, తలుపు గడియ మీద ఒక పెద్ద చెయ్యి. మణికట్టు దగ్గర ఆకుపచ్చ గీతలు నాలుగైదు. వాచీ కాబోలు అనుకుంది సత్యశ్రీ. బొమ్మ పక్కన, "తలుపు మూసి కొట్టేది తండ్రి" అని రాసుకుంది. సోమవారం పొద్దున్న రిపోర్టు ప్రిన్సిపాల్ చేతికి, అక్కణ్ణుంచి పిల్లల సంరక్షణ అధికారులకి వెళ్లాలి. "మొదటి జవాబు దొరికింది కదా అని సంబరపడకు. రెండో ప్రశ్న అడిగావా?" అని క్యాథరిన్ మేడం ఫోన్లో అడిగితే, "అడిగాను మేడం" అని అబద్ధం చెప్పింది.

శనివారం వచ్చింది. రెండో శనివారం, బడికి సెలవు.

పదకొండు గంటలవుతోంది. తెల్లవారుజామున కురిసిన వాన ఆగి, ఉత్తరాది స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పు సెక్టర్ ఆరులో సత్యశ్రీ వాళ్ల క్వార్టరు వాకిట్లో ఎండ చిటచిటలాడుతోంది. ముందుగదిలో నేల మీద తల్లి నూకమ్మ కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. దివాన్ మీద తండ్రి గురునాథరావు హిందీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నాడో, కునుకు తీస్తున్నాడో తెలియడంలేదు. రిటైరై ఆరేళ్లయినా ఆయన పాదాలు ప్లాంటు బూట్లలో ఉన్నట్టే బిగుసుకుని ఉంటాయి. సత్యశ్రీ కుర్చీలో కూచుని, డైరీ ఒళ్లో పెట్టుకుని, సోమవారం రిపోర్టు చిత్తుప్రతి రాసుకుంటోంది.

గేటు ఎవరో తన్నినట్టు పెద్ద చప్పుడైంది.

"గురునాథం మావా! ఉన్నావేటి ఇంట్లో?"

"ఎవలదీ? యుగంధరేటి?" నూకమ్మ తలెత్తి కళ్లు చిట్లించింది. "రా నాయనా, రా. డ్యూటీకి ఎల్లలేదేటి? కూకో, టీ పెడతాను."

"టీ తాగడానికి రాలేదత్తా."

వచ్చిన మనిషి గడప దగ్గరున్న కనకాంబరం కుండీని కాలితో తోశాడు. అది మెట్ల మీంచి దొర్లి పగిలింది. ముప్పై ఆరేళ్లు ఉంటాయి యుగంధర్‌కి. బలమైన భుజాలు, కొలిమి వేడికి ఎర్రబారిన మొహం. ఎడమచేతిలో స్కూటరు హెల్మెట్ పట్టీ, కుడిచేతిలో అమ్ము రెక్క. వాళ్ల వెనక, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తల వంచుకుని అతని భార్య రోహిణి. శ్రావణమాసం కదా, మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు.

అమ్ముని చూడగానే సత్యశ్రీకి ఒళ్లో ఉన్న డైరీ నిప్పులకుంపటిలా అనిపించింది.

"మీ అమ్మాయి డాక్టరైపోనాదంట కదా మావా," అన్నాడు యుగంధర్. "నా కూతురికి ఏటి రోగమో సూపించుకుందారని తెచ్చినాను. సూడమ్మా డాక్టరమ్మా, సూడు. ఫీజు ఎంతయితదో సెప్పు."

"కూచోండి అన్నయ్యా. ముందు పిల్ల చెయ్యి వదలండి, నొప్పెడుతుంది," అంది సత్యశ్రీ లేచి నిలబడి. గొంతు వణకకుండా ఉండడానికి నెమ్మదిగా మాట్లాడాలని క్లాసులో నేర్పారు. నెమ్మదిగానే మాట్లాడింది. గొంతు వణికింది.

"అన్నయ్యా? ఎవలికి అన్నయ్య? అన్నయ్య మీద కేసు రాస్తారేటి ఎవరైనా?" అతను అమ్ముని గది మధ్యకి లాగాడు. "నిన్న పొద్దున్న టీ టపరీ దగ్గర మీ నాన్న నా భుజం మీద సెయ్యేసి ఏటన్నాడో తెలుసా? 'ఒరే యుగంధరూ, పిల్లని కొట్టకురా, కాయితాల మీదకెక్కిపోతంది' అన్నాడు. నలుగురి ముందర! మా పైవోడు, ఛార్జ్‌మేన్ ఉన్నాడక్కడ. నిన్న సెకండ్ షిఫ్టులో అందరూ ఒకటే గుసగుస. క్యా ఇజ్జత్ రహ్ గయీ మేరీ? ఏటి మిగిలినాది నా పరువు?"

సత్యశ్రీ తండ్రి వైపు తిరిగింది. గురునాథరావు పేపరు మడతపెడుతున్నాడు. మడతలు కుదరడంలేదు.

"మీకెలా తెలిసింది నాన్నా?"

"మంచికే సెప్పేనే," అన్నాడాయన. "మనోడు కదా. నా సేతికింద పని నేర్సుకున్నోడు. కాయితాల దాకా ఎందుకు, ఓ మాట సెప్పి సరిసేద్దారనుకున్నాను."

"అది కాదు. ఈ పిల్లేనని ఎలా తెలిసింది? నేను పేరు రాయలేదు."

"పేరెందుకే? నీ పుస్తకం బల్ల మీద ఒగ్గీసినావు కదా, పేపరు కోసం తీస్తే కనబడింది. ఇరవై రెండు, ఏడు బి. ఇరవై రెండో వీధి, ఏడు బి అంటే ఈడి క్వార్టరు కాదేటి? ముప్పై ఆరేళ్లు సైకిలు తొక్కిన వీధులే ఇవి!"

కేసు డైరీలో పేర్లు రాయకూడదు, ఇంకెవరూ పోల్చుకోలేని గుర్తు ఒకటి పెట్టుకోమని క్యాథరిన్ మేడం చెప్పింది. సత్యశ్రీకి తట్టిన గుర్తు అదే. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లకి అంతకంటే ఏం తడుతుంది? ఇక్కడ మనిషిని పేరుతో కంటే నంబరుతో పోల్చుకునేవాళ్లే ఎక్కువ. పెళ్లి శుభలేఖల మీద నంబరు, గ్యాసు బండ మీద నంబరు, ఆఖరికి పిల్లలు గిల్లికజ్జాలాడుకునేటప్పుడు కూడా "పో, పదకొండు నాలుగు ఏ" అని తిట్టుకుంటారు. వేరే ఊళ్లో అయితే అది ఎవరికీ అర్థంకాని రహస్యం. ఈ సెక్టర్లో తాళం వేసి, తాళంచెవి తలుపుకే తగిలించినట్టు.

"నాన్నా..." అంది.

"విన్నావా? నాలుగురోజుల్నుంచి నా ఇంటి నంబరు మీ బల్ల మీద ఉంది," అన్నాడు యుగంధర్. "నా ఇల్లు మీకు పాఠంపుస్తకమేటి?"

హెల్మెట్ లేచింది. గోడకున్న అద్దాల బీరువా మీద పడింది. అద్దం ముక్కలై రాలింది. లోపల గురునాథరావు రిటైరైన రోజు తోటివాళ్లు ఇచ్చిన గడియారం, ఆయన పేరు చెక్కిన పలక, పక్కకి ఒరిగి కిందపడ్డాయి. గడియారం పడ్డాక కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"ఒరేయ్!" గురునాథరావు దివాన్ మీంచి లేచాడు. "నా ఇంటికొచ్చి నా సామాను పగలగొడతావేటిరా? నీకు వెల్డింగు అద్దం పట్టుకోడం కూడా నేనే..."

మాట పూర్తి కాలేదు. యుగంధర్ ఆయన్ని తోయడానికి చెయ్యి విసిరాడో, కొట్టడానికే విసిరాడో అతనికే తెలియాలి. ఆ చేతిలో హెల్మెట్ ఉంది. అది ఆయన కణత మీద తగిలింది. ముసలాయన వెనక్కి పడి, దివాన్ కోడుకి తల కొట్టుకుని, నేల మీదికి జారిపోయాడు. తెల్ల బనీను మీద ఎర్రగా ఒక చుక్క, తర్వాత చార, తర్వాత ధార.

"ఓలమ్మో! ముసలోడి మీద సెయ్యెత్తినావురా! నీ సేతులు ఇరిగిపోనూ!" నూకమ్మ బెండకాయల పళ్లెం ఎత్తి అతని మొహాన విసిరింది. కోసిన ముక్కలు అతని జుట్టులో, కాలరులో, రోహిణి పాదాల మీద పడ్డాయి. ఇంకో వేళ అయితే నవ్వొచ్చేది. నూకమ్మ చెయ్యి ఆ వెంటనే కత్తిపీట మీదికి వెళ్లింది. సత్యశ్రీ చూసింది. ఒక్క గెంతులో వచ్చి పాదంతో కత్తిపీటని దివాన్ కిందికి నెట్టేసింది. అలుగు ఆమె మడమని చీరుకుంటూ పోయింది. నొప్పి తెలియలేదు, వెచ్చగా తెలిసింది.

"అమ్మా, నాన్న తల పట్టుకో. కొంగు అదిమి పెట్టు. ఇంకేం చెయ్యకు."

నూకమ్మ మొగుడి తల ఒళ్లోకి తీసుకుని, కొంగు ఉండచేసి అదిమింది. "సచ్చిపోతాడే! నీ సదువు మండిపోనూ, సచ్చిపోతాడే!"

"సచ్చిపోనులే, గగ్గోలెట్టకు," అని గురునాథరావు గొణిగాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు.

రోహిణి చిన్నగా వెక్కింది. అంతే. యుగంధర్ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి విసిరాడు. ఆ దెబ్బ ఆమె చెంప మీద తగిలి, తల తలుపుకి కొట్టుకుంది. ఆమె అరవలేదు. చెంప తడుముకోలేదు. కొంగు జారితే సర్దుకుంది. ఆ సర్దుకోవడంలో మెడ మీద వేలిముద్రలు నాలుగు, పసుపుపచ్చగా మారుతున్నవి, సత్యశ్రీకి కనిపించాయి. కొత్తవి కావు. వారం కిందటివి.

సత్యశ్రీ మనసులో ఏదో కదిలింది. ఏమిటో తేల్చుకునే వ్యవధి లేకపోయింది.

"సెప్పవే," అన్నాడు యుగంధర్ అమ్ము గడ్డం పట్టుకుని పైకెత్తి. "ఈలందరి ముందర సెప్పు. నేను కొట్టినానా నిన్ను? ఎప్పుడైనా సెయ్యేసినానా? బోల్!"

అమ్ము పెదవి కొరుక్కుంది.

"బోల్!" పిల్లని ఊపేశాడు. రెండు జడలూ గాల్లో ఎగిరాయి.

"వదలండి!" సత్యశ్రీ అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అతను విదిలించాడు. ఆమె వెళ్లి కుర్చీ మీద పడింది, కుర్చీ ఆమె మీద పడింది. పక్కటెముకల్లో ఊపిరి చిక్కుకుపోయింది. కుర్చీలో ఉన్న డైరీ జారి అతని పాదాల దగ్గర పడింది.

అప్పుడు అమ్ము మాట్లాడింది.

"నహీ. పాపా నన్ను కొట్టలేదు."

భయపడి అబద్ధమాడే పిల్ల ఎలా ఉంటుందో సత్యశ్రీ రెండేళ్లు చదువుకుంది. చూపు పక్కకి పోతుంది, మాట ముందు చిన్న ఆగుడు ఉంటుంది, ఒక చెయ్యి రెండో చేతిని వెతుక్కుంటుంది. అమ్ము ఇవేవీ చెయ్యలేదు. తండ్రి కళ్లలోకి సూటిగా చూసి చెప్పింది. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. అది నిజం.

కుర్చీ కింద పడి ఉన్న సత్యశ్రీకి పక్కటెముకల నొప్పి ఒక్కసారి మాయమైపోయింది.

"విన్నారా? విన్నారా అందరూ?" యుగంధర్ వంగి డైరీ తీశాడు. "ఏటి రాసినావో సూద్దారి. ఇదిగో. 'తండ్రి కొట్టడంవల్ల ఆటలకి రాని రోజులు.' వావ్! తారీకులు కూడా ఏసినావు! జూన్ ఇరవయ్యారు. జూలై పదిహేను. జూలై పదిహేడు. ఆగస్టు ఆరు."

చదువుతున్నవాడు ఆగాడు.

షిఫ్టు మనిషికి తారీకు చెబితే వారం గుర్తు రాదు, షిఫ్టు గుర్తొస్తుంది. ఏడాది కిందటి తారీకు చెప్పినా ఆ రోజు నైటా, ఫస్టా, సెకండా వేళ్ల మీద లెక్కకట్టి చెబుతారు. యుగంధర్ బొటనవేలు చూపుడువేలి కణుపుల మీద కదలడం సత్యశ్రీ చూసింది. కాని ఆమె లెక్క అతని కంటే ముందే అయిపోయింది.

ఇవాళ శనివారం. షిఫ్టులు వారానికొకటి మారతాయి, ఈ వారం అతనికి సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. ఒంటిగంటన్నరకి ఇంట్లోంచి బయల్దేరాలి. మూడు వారాలు వెనక్కి వెళ్తే మళ్లీ సెకండ్ షిఫ్టు, పదిహేనూ పదిహేడూ అందులోవే. ఇంకో మూడు వారాలు వెనక్కి వెళ్తే జూన్ ఇరవయ్యారు. నాలుగు తారీకులూ సెకండ్ షిఫ్టులోవే.

సెకండ్ షిఫ్టు అంటే ఏమిటో ఆమెకి ఎవరైనా చెప్పాలా? తను అమ్ము అంతప్పుడు ఆ వారాల్లో నాన్నని చూసేదే కాదు. బడి నుంచి వచ్చేసరికి ఆయన సైకిలు ఉండేది కాదు. తిరిగొచ్చేసరికి తను నిద్రపోయేది. పొద్దున్న తను బడికి వెళ్లేటప్పుడు మూసిన తలుపు వెనక గురక మాత్రం వినిపించేది. "నాన్న ఊళ్లో లేరా?" అని ఒకసారి అమ్మని అడిగింది కూడా. అన్నీ తెలిసి, ఎముకల్లో ఇంకిపోయి ఉండి, డైరీలో తండ్రి అని రాసేసరికి మరిచిపోయింది. అమ్ము దెబ్బలతో ఆటలకి రానన్న నాలుగు రోజుల్లోనూ తండ్రి ఆ పిల్లని మెలకువగా చూసే వీల్లేదు.

ఇంట్లో కోపం ఎవరికెక్కువ అని అడిగింది. నిన్ను కొట్టేది ఎవరని అడగలేదు.

సత్యశ్రీ రోహిణి వైపు చూడలేదు. చూడకూడదని మెడ బిగబట్టింది. ఇప్పుడు తను కనురెప్ప ఒక్కటి అటు తిప్పినా చాలు. అతనికి లెక్క పూర్తయితే ఆ మనిషి ఇవాళ బతకదు. పూర్తికాకపోతే, ఒంటిగంటన్నరకి అతను డ్యూటీకి పోతాడు, ఈ పిల్ల ఆ ఇంటికే పోతుంది, కరెంటు వైరు అక్కడే ఉంటుంది.

"ఆ తారీకులు తప్పు," అంది కుర్చీ తోసుకుని లేస్తూ. "నేనే తప్పు రాశాను. అంతా తప్పే. సోమవారం రిపోర్టు ఇవ్వను. కావాలంటే మీ ముందే చింపేస్తాను, ఇటివ్వండి. మీరు కొట్టలేదు, అందరం విన్నాం. నాన్న చేత మీకు క్షమాపణ చెప్పిస్తాను. అమ్ముని మాత్రం ఈ పూట ఇక్కడ..."

రెండేళ్ల చదువు ఆ రెండు మాటల్లో పోతోందని ఆమెకి తెలుసు. అబద్ధం కోసం పోతోందనీ తెలుసు.

"దీదీ."

అమ్ము ఆమె వైపు చూస్తోంది. ఆ కళ్లలో ఇందాకటి దాకా లేని భయం.

"దీదీ, మీరు ప్రామిస్ చేసేరు. ఎవరికీ నహీ బోలూంగీ అన్నారు. మీరు చెప్పీయొద్దు."

యుగంధర్ డైరీ మూశాడు.

"ఏటి సెప్పకూడదు?" యుగంధర్ గొంతు తగ్గింది. "ఎవల గురించి సెప్పకూడదే?" బొటనవేలు ఆఖరి కణుపు మీద ఆగిపోయింది. "జూన్ ఇరవయ్యారు... సెకండ్. పదిహేను సెకండ్. మొన్న బుధవారం సెకండ్."

తల నెమ్మదిగా భార్య వైపు తిరిగింది.

"సెకండ్ షిఫ్టులో ఇంట్లో నువ్వే కదే ఉంటావు."

సత్యశ్రీని అన్నిటికంటే భయపెట్టింది ఆ క్షణంలో అతని మొహం. కోపంతో బిగుసుకుని ఉన్న దవడలు వదులయ్యాయి. నుదుటి మీద ముడత విడిపోయింది. తప్పు తనది కాదని రుజువు దొరికిన మనిషికి వచ్చే నిశ్చింత అది. ఇంతసేపూ అతను పరువు కోసం కొట్టాడు. ఇప్పుడు న్యాయం కోసం కొడతాడు.

"అవునండీ," అంది రోహిణి.

ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె పలికిన మొదటి మాట అది.

"మీరు డ్యూటీకి బయల్దేరే ముందు కూరలో ఉప్పెక్కువైందని ఓసారి, చొక్కా గుండీ లేదని ఓసారి... మీరెళ్లిపోయాక ఇది బడి నుంచి వచ్చి చెప్పులిక్కడ, సంచీ అక్కడ పడేస్తది. ఇక నా చేతులు నావి కావండి. ఆనక దానికి నూనె రాస్తాను. కూచుని ఏడుస్తాను. మళ్లీ..."

"నా కూతుర్నే," అన్నాడతను మెత్తగా. "నా కూతురు మీద సెయ్యేసి, పేరు నాకు తెచ్చినావు."

హెల్మెట్ పట్టీ మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. రోహిణి దానికి రెండడుగుల దూరంలో ఉంది. బయట ఎండ, గేటు, ఎదుటి క్వార్టరులో తీగ మీద బట్టలు ఆరేస్తూ ఆగిపోయి ఇటే చూస్తున్న ఆడమనిషి. సత్యశ్రీ కళ్లతోనే చెప్పింది: వెళ్లిపో. పరిగెత్తు అక్కా.

రోహిణి తలుపు వైపే నడిచింది. హమ్మయ్య, అనుకుంది సత్యశ్రీ.

రోహిణి తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగింది. గడియ వేసింది. తర్వాత కుడివైపు కిటికీ దగ్గరికి వెళ్లి రెక్కలు మూసింది. ఎడమవైపు కిటికీ మూసింది. దోమలొస్తాయని సాయంత్రం మూసేసినంత మామూలుగా, తొందర లేకుండా మూసింది. పరాయి ఇల్లని కూడా గుర్తున్నట్టు లేదు. ఒక్కొక్క రెక్కా మూస్తుంటే ఆకుపచ్చ గాజులు గలగలలాడాయి. గది చీకటైంది.

ఆ గలగల వినగానే అమ్ము కదిలింది. ఎవరూ చెప్పకుండానే మూలకి వెళ్లి, గోడవైపు తిరిగి, రెండు అరచేతులతో చెవులు మూసుకుంది.

సత్యశ్రీ ఈ గదిని ఇంతకు ముందే చూసింది. మైనపు రంగులతో, డ్రాయింగు కాయితం మీద. మూసిన కిటికీలు, గోడవైపు పిల్ల, గడియ మీద చెయ్యి. మణికట్టు దగ్గరి ఆకుపచ్చ గీతలు వాచీ కావు.

దెబ్బలు తినే మనిషే తలుపు మూస్తుంది. వీధికి వినబడకుండా, రోజూ, తన చేతులతో తనే. ఆ ఇంట్లో జరిగేదేదీ గడప దాటకుండా కాపలా కాసేది ఆవిడే. ఆ విద్య కూతురికీ వచ్చేసింది. ఎవరికీ చెప్పొద్దు దీదీ.

"ప్రామిస్," అని తనూ ఒక గడియ వేసి వచ్చింది.

సత్యశ్రీ తలుపు దగ్గరికి పరిగెత్తింది. చీరుకున్న మడమ గచ్చు మీద జారింది. గడియ మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి వచ్చి పడింది. చల్లగా, గట్టిగా, గాజులతో.

"వద్దమ్మా," అంది రోహిణి ఆమె చెవి దగ్గర. బతిమాలుతున్నట్టు లేదు, చిన్నపిల్లకి పనిలో తెలియని కిటుకు నేర్పుతున్నట్టుంది. "వీధంతా వింటుంది. అట్టే సేపు పట్టదు."

"వినాలక్కా."

"సత్యా! ఎనకాల!" నూకమ్మ కేక.

వెనక బూటుకింద గాజుపెంకు నలిగింది. హెల్మెట్ గాలిని కోసుకుంటూ లేచిన చప్పుడు సత్యశ్రీకి స్పష్టంగా వినిపించింది. తల తిప్పితే గడియ వదలాలి. ఆమె తల తిప్పలేదు. కళ్లు మూసుకుని, భుజం బలమంతా పెట్టి లాగింది. గడియ కీచుమని ఊడింది, తలుపు జానెడు తెరుచుకుంది, ఎండ కత్తిలా లోపలికి దిగింది.

దెబ్బ పడింది. తడిగా, బరువుగా.

కాని అది సత్యశ్రీకి తగల్లేదు. ఆమె చేతి మీదున్న గాజుల చెయ్యి, పట్టు వదిలి, నెమ్మదిగా కిందికి జారిపోయింది.